పచ్చబడిన కొలనులో క్లోరిన్ ఏమవుతోంది?

సాయంత్రం కొలనులో క్లోరిన్ పోశారు. తెల్లవారి పరీక్ష గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి చూస్తే ముదురు పసుపు రంగు వచ్చింది. క్లోరిన్ నిండుగా ఉందని దాని అర్థం. కొలనులో నీళ్ళు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మెట్టు మీద కాలు మోపితే జారుతోంది. ఇంకో క్యాన్ తెప్పించి పోస్తారు. రెండు రోజులు తేటపడినట్టే ఉంటుంది, వారం తిరక్కుండా మూలల్లో మళ్ళీ పచ్చదనం మొదలవుతుంది. మందు కల్తీదేమోనని దుకాణం మారుస్తారు. నాచును చంపుతుందని రాసి ఉన్న సీసా ఒకటి కొంటారు. నెల గడిచేసరికి కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంట్లో ఈత కొలను ఉన్న ఎవరికైనా ఎదురయ్యే చిక్కే ఇది. నెల్లూరు తీరంలో దీని తీవ్రత ఇంకాస్త ఎక్కువ. గూడూరు పక్కన జాతీయ రహదారి మీదున్న చిల్లకూరునే తీసుకోండి. ఏడాదిలో ఎక్కువ నెలలు మండే ఎండ, సముద్రపు గాలి, తీరానికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పదేలే బోరు నీళ్ళు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. నాచు పెరగడానికి కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి, క్లోరిన్‌ను హరించేవీ ఉన్నాయి.

పరీక్ష గొట్టం తప్పు చెప్పలేదు. క్లోరిన్ నిజంగానే నీళ్ళలో ఉంది. కానీ అందులో చాలా భాగం పని చేయగల స్థితిలో లేదు. ఎందుకు లేదో అర్థమైతే మిగతాదంతా ఓపికతో చేసుకోగల పనే.

గుంటలో పెంచేది, కొలనులో చంపేది

నాచు గురించి ఈ ప్రాంతంలో అందరికంటే బాగా తెలిసినవాళ్ళు రొయ్యల రైతులు. మన దేశంలో 2009లో వనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చాక ఆంధ్ర తీరమంతటా గుంటలు పెరిగాయి. సాగు మొదలుపెట్టే ముందు రైతు కూడా తన నీటిలో బ్లీచింగ్ కలుపుతాడు. తెల్లమచ్చ వైరస్‌ను మోసుకొచ్చే చిన్న పీతలు, అడవి రొయ్యలు, వాటి పిల్లలు చావాలి కదా. ఘనమీటరుకు 60 గ్రాముల చొప్పున వేస్తే, మీటరు లోతున్న ఎకరం నీటికి దాదాపు 240 కిలోల పౌడరు పడుతుంది. ఆ దెబ్బకు నాచు కూడా పోతుంది.

ఆ తర్వాత రైతు చేసేది కొలను యజమాని గమనించాలి. ఏరియేటర్లు తిప్పుతూ, ఎండ తగలనిస్తూ, క్లోరిన్ పూర్తిగా పోయేదాకా కొన్ని రోజులు ఆగుతాడు. బెల్లం, తవుడు, ఈస్ట్ కలిపి పులియబెట్టి పోస్తాడు. నీటికి రంగు రావాలి. ఆ రంగు అంటే కంటికి కనిపించని నాచు కణాలే. పగలంతా అవి ప్రాణవాయువును ఇస్తాయి, రొయ్యపిల్లకు మేతనిచ్చే సూక్ష్మజీవులను పోషిస్తాయి. రంగు సరిపోయిందా లేదా అని చూడటానికి నలుపు తెలుపు పళ్ళాన్ని తాడుకు కట్టి నీటిలోకి దించుతారు. ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త సెక్కి 1865లో సముద్రపు నీటి తేటదనం కొలవడానికి వాడిన పద్ధతి ఇది. 30, 40 సెంటీమీటర్ల లోతున పళ్ళెం కనుమరుగైతే గుంట బాగున్నట్టు లెక్క.

మన కొలనులోనూ సరిగ్గా ఇదే జరుగుతోంది, మనకు ఇష్టం లేకుండా. క్లోరిన్ ఒక్క రోజు పోతే చాలు. గాలిలో కొట్టుకొచ్చిన బీజాలు, గోడకు అంటుకుని బతికి ఉన్న కణాలు సిద్ధంగా ఉంటాయి. రాలిన ఆకులు, దుమ్ము, ఒంటి చెమట, వాన నీళ్ళు, బోరు నీటిలోని నైట్రేట్లు, ఫాస్ఫేట్లు వాటికి ఎరువు. వెచ్చటి నీటిలో, మంచి ఎండలో కొన్ని రకాల నాచు కణాలు రోజుకు రెండుసార్లు కూడా రెట్టింపు కాగలవు. ఆ లెక్కన ఒక్క కణం వారంలో 16,000 దాటుతుంది. మొదటి నాలుగైదు రోజులూ మన కంటికి ఏమీ కనిపించదు. నీళ్ళు పచ్చబడ్డాయని మనం గుర్తించేసరికి పెరుగుదల దాదాపు పూర్తయినట్టే.

నాచు ఇంకో పని కూడా చేస్తుంది. ఎండలో ఆహారం తయారు చేసుకోవడానికి నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాక్కుంటుంది. ఆ వాయువు తగ్గితే నీటిలో ఆమ్లత తగ్గుతుంది, పీహెచ్ పెరుగుతుంది. రొయ్యల గుంటలో ఉదయం కంటే సాయంత్రం పీహెచ్ ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. కొలనులో పీహెచ్ పెరిగితే దెబ్బ తగిలేది క్లోరిన్‌కే.

క్లోరిన్ రెండు వేషాలు

ద్రవ క్లోరిన్ పోసినా, బ్లీచింగ్ పౌడరు వేసినా, బిళ్ళ వేసినా నీటిలో చివరికి తయారయ్యే అసలు మందు ఒకటే, హైపోక్లోరస్ ఆమ్లం. దీనికి విద్యుదావేశం ఉండదు. నాచు కణం పైపొరకు ఋణావేశం ఉంటుంది. ఆవేశం లేని హైపోక్లోరస్ ఆమ్లం ఆ పొరను సులువుగా దాటి లోపలికి పోయి, కణాన్ని నడిపించే ప్రొటీన్లను పాడుచేస్తుంది. పీహెచ్ పెరిగేకొద్దీ ఈ ఆమ్లం ఒక హైడ్రోజన్‌ను వదులుకుని హైపోక్లోరైట్ అయాన్‌గా మారుతుంది. దానిది ఋణావేశం కాబట్టి కణం పొర దాన్ని దూరం నెడుతుంది. క్రిములను చంపే శక్తి ఎన్నో రెట్లు తగ్గిపోతుంది.

పీహెచ్ 7.5 దగ్గర ఈ రెండు రూపాలూ సగం సగం ఉంటాయి. 8కి చేరితే పనికొచ్చే ఆమ్లం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. 8.5 దగ్గర పదో వంతే మిగులుతుంది. పరీక్ష గొట్టానికి ఈ తేడా తెలియదు, రెండింటినీ కలిపి ఒకే రంగు చూపిస్తుంది.

పీహెచ్ సరిచేస్తే సమస్య తీరిపోతుందని చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఎండలో ఉండే కొలనులో మాత్రం అసలు కిటుకు మరోచోట ఉంది.

తాకట్టులో ఉన్న నగ

ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ను విరగ్గొడతాయి. మధ్యాహ్నపు ఎండలో రక్షణ ఏమీ లేకపోతే గంట తిరిగేలోపే సగం పోతుంది. పొద్దున పోసింది సాయంత్రానికి ఆనవాలు లేకుండా పోతుంది. దీనికి విరుగుడుగా కొలను నీటిలో సయన్యూరిక్ ఆమ్లం కలుపుతారు. దుకాణాల్లో దీన్ని స్టెబిలైజర్ అంటారు. ఇది క్లోరిన్‌ను తనతో కలిపి పట్టుకుంటుంది. అలా పట్టుబడి ఉన్నంతసేపూ ఎండ దాన్ని అంత సులువుగా విరగ్గొట్టలేదు. నీటిలో ఉన్న హైపోక్లోరస్ ఆమ్లం ఖర్చవుతుంటే, సయన్యూరిక్ ఆమ్లం తన దగ్గరున్న దానిలోంచి కొంత కొంత వదులుతూ ఉంటుంది.

బ్యాంకులో తాకట్టు పెట్టిన నగను గుర్తుచేసుకోండి. నగ మీదే. దొంగల భయం లేదు. ఎన్ని తులాలున్నాయని అడిగితే రసీదు చూపించి నిక్కచ్చిగా చెప్పగలరు. రేపు పెళ్ళికి పెట్టుకుని వెళ్ళాలంటే మాత్రం మెడలో లేదు. కొలనులో సయన్యూరిక్ ఆమ్లం 50 పీపీఎం (ఘనమీటరు నీటికి 50 గ్రాములు), క్లోరిన్ 3 పీపీఎం ఉందనుకుంటే, ఆ 3లో నూటికి 95 పాళ్ళకు పైగా తాకట్టులోనే ఉంటుంది. నాచు మీదికి వెళ్ళడానికి చేతిలో మిగిలేది పీపీఎంలో కొన్ని వందో వంతులు. పరీక్ష గొట్టం చూపించేది రసీదులోని మొత్తాన్ని.

ఆ కొన్ని వందో వంతులే మామూలు రోజుల్లో నాచును అదుపులో ఉంచడానికి సరిపోతాయి. తంటా ఎక్కడంటే, సయన్యూరిక్ ఆమ్లం పెరిగేకొద్దీ తాకట్టులోకి పోయే వాటా పెరుగుతుంది. అది 50 నుంచి 100కు చేరితే, అదే 3 పీపీఎం క్లోరిన్‌లో చేతికి అందేది ఇంచుమించు సగానికి పడిపోతుంది. అందుకే "క్లోరిన్ ఇంత ఉంటే చాలు" అన్న ఒకే అంకె ఏ కొలనుకూ పనికిరాదు. అనుభవజ్ఞులు వాడే లెక్క ఒకటుంది. మామూలు రోజుల్లో క్లోరిన్ ఎప్పుడూ సయన్యూరిక్ ఆమ్లంలో నూటికి 7, 8 వంతులకు తగ్గకూడదు. నాచు పట్టాక చంపాలంటే నూటికి 40 వంతులకు పెంచి, అక్కడే నిలపాలి.

స్టెబిలైజర్ ఉన్న కొలనులో పీహెచ్ ప్రభావం పైన చెప్పినంత తీవ్రంగా ఉండదని కూడా ఇక్కడే చెప్పాలి. తాకట్టు నుంచి విడుదలయ్యే పద్ధతి ఆ తేడాను కొంత సర్దుతుంది. అయినా 7.2 నుంచి 7.6 మధ్య ఉంచడం ఒంటికీ, గోడలకూ మంచిది.

బాక్స్: బిళ్ళల లెక్క

8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న ఇంటి కొలనులో సుమారు 45 ఘనమీటర్ల నీళ్ళు పడతాయి. అంటే 45,000 లీటర్లు. ఘనమీటరుకు ఒక గ్రాము ఉంటే 1 పీపీఎం. కాబట్టి ఈ కొలనులో 1 పీపీఎం క్లోరిన్ అంటే 45 గ్రాములు.

ఎండకూ, వాడకానికీ రోజుకు 2 పీపీఎం పోతుందనుకుందాం. అది 90 గ్రాములు. తెల్లటి బిళ్ళల్లో క్లోరిన్ నూటికి 90 పాళ్ళు ఉంటుంది కాబట్టి రోజుకు 100 గ్రాముల బిళ్ళ సరిపోతుంది. వాడకం సులువే. కానీ ఈ బిళ్ళ పేరు ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ ఆమ్లం. క్లోరిన్‌తో పాటు స్టెబిలైజర్ కూడా అందులోనే ఉంది. బిళ్ళల ద్వారా 10 పీపీఎం క్లోరిన్ కలిపితే 6 పీపీఎం సయన్యూరిక్ ఆమ్లం కూడా చేరుతుంది.

నెలకు 60 పీపీఎం క్లోరిన్ పోశారంటే 36 పీపీఎం స్టెబిలైజర్ కూడా పోశారన్నమాట. క్లోరిన్ ఖర్చయిపోతుంది, స్టెబిలైజర్ మిగిలిపోతుంది. నీళ్ళు మార్చకపోతే మూడు నెలలకు 100 దాటుతుంది. అప్పుడు మామూలు రోజుల్లోనే 8 పీపీఎం క్లోరిన్ కావాలి. చాలామంది ఇంకా 2 దగ్గరే ఉంటారు.

బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే

తీర ప్రాంతానికే చెందిన చిక్కు మరొకటి ఉంది. కొలను పుస్తకాల్లో దీనికి పెద్దగా చోటు దొరకదు. సముద్రపు నీటిలో ఉప్పుతో పాటు బ్రోమైడ్ కూడా ఉంటుంది, లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాములు. భూగర్భంలో సముద్రపు నీరు కొంత కలిసిన బోరులో ఆ వంతున బ్రోమైడ్ ఉంటుంది. పదింట ఒక వంతు కలిసినా లీటరుకు 6 మిల్లీగ్రాములు దాటుతుంది.

క్లోరిన్ బ్రోమైడ్‌ను చూసిందంటే వదలదు. దాన్ని బ్రోమిన్‌గా మార్చి తాను మామూలు క్లోరైడ్‌గా, అంటే ఉప్పులో ఉండే రూపంలోకి, మారిపోతుంది. బ్రోమిన్ కూడా నాచును చంపుతుంది, అది మంచిదే. కానీ సయన్యూరిక్ ఆమ్లం బ్రోమిన్‌ను పట్టి ఉంచలేదు. ఎండ తగిలేసరికి అది విరిగి మళ్ళీ బ్రోమైడ్ అవుతుంది. మర్నాడు మనం పోసిన క్లోరిన్ మళ్ళీ దాన్ని బ్రోమిన్ చేస్తుంది, మళ్ళీ ఎండ దాన్ని విరుస్తుంది. బ్రోమైడ్ ఎక్కడికీ పోదు, క్లోరిన్ మాత్రం రోజూ ఖర్చవుతూనే ఉంటుంది. స్టెబిలైజర్ సరిగ్గా ఉన్నా క్లోరిన్ సాయంత్రానికి నిలవకపోతే నీళ్ళు నింపిన బోరును అనుమానించాలి.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. కొలను నీళ్ళు రెండు బకెట్లలో తీసుకుని, ఒకటి మూత లేకుండా ఎండలో, రెండోది మూతపెట్టి గదిలో ఉంచండి. రెండు గంటల తర్వాత రెండింటిలోనూ క్లోరిన్ కొలవండి. రెండూ పడిపోతే నీటిలో నాచో, కుళ్ళిన పదార్థమో క్లోరిన్‌ను తింటోంది. ఎండలోది మాత్రమే బాగా పడిపోతే స్టెబిలైజర్ తక్కువైనా కావాలి, బ్రోమైడ్ అయినా కావాలి. బ్రోమైడ్‌కు మందు లేదు. తియ్యటి నీళ్ళు తెచ్చి నింపుకోవడమే. తీరానికి దగ్గరగా కొలను కట్టించుకునేవారు తవ్వకం మొదలుపెట్టకముందే బోరు నీటిని పరీక్ష చేయించడం మేలని నా గట్టి అభిప్రాయం.

బోరు నీటిలో ఇనుము ఉంటే మరో పొరపాటు జరుగుతుంది. క్లోరిన్ తగలగానే నీళ్ళు పసుపుగానో, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకో మారతాయి. నాచు అనుకుని మందులు పోస్తారు. రంగు ఉన్నా అడుగు తేటగా కనిపిస్తుంటే లోహాన్ని అనుమానించాలి. నాచు పట్టిన నీళ్ళు మసకబారతాయి.

గోడకు పట్టిన పాచి

నీటిలో తేలే పచ్చ నాచు కాస్త సులువైనది. గోడకు పట్టేవి మొండివి. నాచు కణాలు, బ్యాక్టీరియా కలిసి తమ చుట్టూ జిగురు పదార్థాన్ని స్రవిస్తాయి. కాలు జారేది దాని మీదే. క్లోరిన్ ఆ జిగురు పైపొరతోనే పోరాడి ఖర్చయిపోతుంది, అడుగు పొరకు చేరేది కొద్దిగానే. నీళ్ళు తేటపడ్డాయని మనం ఆపగానే అడుగున బతికినవి మళ్ళీ పెరుగుతాయి. వారం తిరక్కుండా పచ్చదనం రావడం వెనుక ఉన్న రహస్యం ఇదే. కొత్త బీజాలు రావడం కంటే పాతవి పూర్తిగా చావకపోవడమే ఎక్కువ.

నీడ పడే గోడల మీద పసుపు దుమ్ములా పేరుకునే రకం ఒకటుంది. బ్రష్ తగిలితే మేఘంలా లేచిపోతుంది, మర్నాటికి అదే చోట ఉంటుంది. నిచ్చెన కీళ్ళలో, లైటు వెనుక గూటిలో, పిల్లల బొమ్మల్లో, బ్రష్ కుచ్చులో కూడా దాక్కుంటుంది. కొలనును శుభ్రం చేసి ఇవన్నీ వదిలేస్తే పని సగమే అయినట్టు.

అన్నింటికంటే మొండిది నల్ల మచ్చలుగా కనిపించేది. నిజానికి ఇది సయనోబ్యాక్టీరియా. వందల కోట్ల ఏళ్ళ కిందట భూమి మీద ప్రాణవాయువును నింపిన జీవుల కోవలోనిదే ఇది. సిమెంటు పూతలో, టైళ్ళ సందుల్లో ఉండే సన్నటి రంధ్రాల్లోకి దిగుతుంది, పైన గట్టి తొడుగు కప్పుకుంటుంది. మెత్తని బ్రష్ దాన్ని ఏమీ చేయలేదు. సిమెంటు గోడ అయితే స్టీలు తీగల బ్రష్‌తో మచ్చ మచ్చనూ గీకాలి. తొడుగు చిరిగితేనే క్లోరిన్ లోపలికి పోతుంది.

ఒలింపిక్ కొలను పచ్చబడిన రోజు

ఇంటి కొలను సంగతి అలా ఉంచితే, ప్రపంచమంతా చూస్తుండగా ఒక కొలను పచ్చబడింది. 2016 ఆగస్టు 9న రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను ఆకుపచ్చగా మారింది. పక్కనున్న వాటర్ పోలో కొలను కూడా అదే దారి పట్టింది. తర్వాత నిర్వాహకులు చెప్పిన కారణం ఇది. ఆగస్టు 5న ఎవరో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీటిలో పోశారు. పెరాక్సైడ్ క్రిములను చంపేదే. కానీ క్లోరిన్‌తో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నాలుగు రోజులు క్లోరిన్ పని చేయని స్థితిలో ఉండటంతో అంత ఖరీదైన యంత్రాంగమూ నాచును ఆపలేకపోయింది. సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ పోటీలు కూడా జరగాల్సిన ఆ వాటర్ పోలో కొలనులో లక్షల లీటర్ల నీళ్ళు తోడేసి కొత్తవి నింపారు.

ఇంటి కొలనులో కూడా ఒకదాని మీద ఒకటిగా రకరకాల సీసాలు పోసేవారు ఈ సంఘటనను గుర్తుపెట్టుకోవాలి.

శుభ్రం చేసే క్రమం

ముందు స్టెబిలైజర్ ఎంత ఉందో కొలిపించుకోవాలి. 80, 100 దాటి ఉంటే మందు పోయడం వృథా ఖర్చు. 100 నుంచి 40కి దించాలంటే నూటికి 60 వంతుల నీళ్ళు మార్చాలి. దీనికి వేరే దారి లేదు. భూగర్భ జలం పైకి ఉన్న చోట, ముఖ్యంగా వానాకాలంలో, కొలనును పూర్తిగా ఖాళీ చేయకూడదు. కింది నుంచి నీటి ఒత్తిడి తన్ని కట్టడాన్ని పైకి ఎత్తగలదు, పగులు తెస్తుంది. విడతలుగా మార్చుకోవాలి.

తరువాత ఆకులు, చెత్త పూర్తిగా తీసేయాలి. పీహెచ్‌ను 7.2 దగ్గరకు దించాలి. క్లోరిన్ బాగా పెంచాక పీహెచ్ పరీక్ష సరిగ్గా చూపదు కాబట్టి ఈ పని ముందే చేయాలి. అప్పుడు క్లోరిన్‌ను స్టెబిలైజర్‌లో నూటికి 40 వంతులకు పెంచాలి. ఒక్కసారి పోసి వదిలేస్తే ఫలితం ఉండదు. మొదటి రోజు నాచు క్లోరిన్‌ను గబగబా తినేస్తుంది. కొన్ని గంటలకోసారి కొలిచి, తగ్గినంత మళ్ళీ పోస్తూ, అదే మట్టంలో నిలపాలి. మట్టం నిలిచి ఉంటేనే క్లోరిన్ జిగురు పొరను దాటుకుని అడుగుకు చేరగలుగుతుంది. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. రెండు రోజుల్లో పోయాల్సిన క్లోరిన్‌ను రెండు నెలలపాటు కొంచెం కొంచెంగా పోస్తారు, నాచు ఒక్కసారీ పూర్తిగా చావదు.

పంపు రాత్రింబవళ్ళు నడవాలి. రోజూ గోడలు, మెట్లు, మూలలు బ్రష్‌తో రుద్దాలి. నిచ్చెన, లైటు మూత ఊడదీసి కడగాలి. అడుగు స్పష్టంగా కనిపించేదాకా ఎవరినీ నీళ్ళలో దిగనివ్వకూడదు. మసక నీళ్ళలో మునిగినవాళ్ళు పైనున్న వాళ్ళకు కనిపించరు. అన్నింటికంటే పెద్ద ప్రమాదం అదే.

బాక్స్: 45,000 లీటర్లకు ఎంత?

స్టెబిలైజర్ 40 ఉంటే క్లోరిన్ 16 పీపీఎంకి చేరాలి. అది 720 గ్రాములు. నూటికి 10 పాళ్ళ ద్రవ క్లోరిన్ అయితే దాదాపు 7 లీటర్లు. 65 పాళ్ళ కాల్షియం హైపోక్లోరైట్ అయితే 1.1 కిలోలు. 33 పాళ్ళ మామూలు బ్లీచింగ్ పౌడరు అయితే 2.2 కిలోలు. స్టెబిలైజర్ 100 ఉంటే అదే పనికి 18 లీటర్ల ద్రవం కావాలి, అదీ మొదటి మోతాదుకే.

ఎండలో నిలవ ఉన్న ద్రవ క్లోరిన్ క్యాన్‌లో బలం వారాల్లో తగ్గిపోతుంది. కొత్తది కొనండి, నీడలో ఉంచండి. బ్లీచింగ్ పౌడరును బకెట్ నీళ్ళలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయండి. ఇప్పటికే కాఠిన్యం ఉన్న బోరు నీటికి ఆ సున్నం కూడా తోడైతే గోడల మీద గరుకు పొర కడుతుంది. ఆ గరుకులోనే పాచి నిలుస్తుంది.

బిళ్ళలనూ బ్లీచింగ్ పౌడరునూ ఒకే డబ్బాలో పెట్టకండి, ఒకే చెంచాతో ముట్టుకోకండి. కలిస్తే మంట లేస్తుంది, పేలవచ్చు. యాసిడ్, క్లోరిన్ కలిస్తే ప్రాణాంతక వాయువు వస్తుంది. ఏదైనా నీళ్ళలోకే పోయాలి, మందు మీద నీళ్ళు పోయకూడదు.

మైలుతుత్తం వద్దంటాను

తోటలకు బోర్డో మిశ్రమం కలిపే చేతులకు మైలుతుత్తం కొత్త కాదు. నీటి నాచు మీద దాన్ని వాడవచ్చని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ 1904లోనే చూపించారు. మైలుతుత్తంలోని రాగి నాచును చంపే మాట నిజమే. కానీ క్షారగుణం, కాఠిన్యం ఉన్న నీటిలో అది త్వరగా అవక్షేపంగా మారి గోడల మీద నీలి, నల్లటి మరకలు వేస్తుంది. తెల్లటి జుట్టుకు పచ్చ ఛాయ వచ్చేది క్లోరిన్ వల్ల కాదు, ఈ రాగి వల్ల. క్లోరిన్ ఎండకు పోతుంది, రాగి పోదు. ఆ నీళ్ళు తోడి బయటికి వదిలితే పక్క గుంటల్లోని రొయ్యకు హాని, కాలువల్లోని జీవాలకూ హాని. దుకాణాల్లో దొరికే కొన్ని నాచు మందుల్లో ఉండేది కూడా రాగే, చీటీ చదివి కొనండి.

చచ్చిన నాచును బయటికి పంపడం

క్లోరిన్ గెలుస్తున్నప్పుడు పచ్చటి నీళ్ళు మొదట బూడిదరంగు కలిసిన నీలంగా, పాలు కలిపినట్టు మారతాయి. చచ్చిన కణాలు ఇంకా నీటిలోనే తేలుతున్నాయి. ఇప్పుడు పని ఫిల్టరుది. చిల్లకూరు, కోట మండలాల నుంచి గాజు పరిశ్రమకు వెళ్ళే సిలికా ఇసుక లాంటిదే కొలను ఫిల్టరులోనూ ఉంటుంది. అర మిల్లీమీటరు నుంచి 0.8 మిల్లీమీటరు దాకా ఉండే గట్టి రవ్వ అది. దాని సందులు 20, 30 మైక్రాన్ల రేణువులను బాగా పట్టుకుంటాయి. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నాచు కణాల్లో చాలావాటి పరిమాణం 2 నుంచి 10 మైక్రాన్లే. అందుకే ఒక్క పూటలో నీళ్ళు తేటపడవు, మళ్ళీ మళ్ళీ తిరగాలి. ఫిల్టరు మీటరులో ఒత్తిడి శుభ్రంగా ఉన్నప్పటి కంటే నాలుగో వంతు పెరిగితే వెనక్కి నీళ్ళు తోసి కడగాలి. ఆ రోజుల్లో దినానికి రెండు మూడుసార్లు కూడా అవసరం కావచ్చు.

ఏటి నీళ్ళను తేర్చడానికి మన ఇళ్ళలో చిల్లగింజ అరగదీసేవారు, పటిక తిప్పేవారు. సూక్ష్మ రేణువుల మీదుండే ఋణావేశాన్ని తగ్గించి, వాటిని ఒకదానికొకటి అతుక్కునేలా చేసి కిందికి దించడం ఆ పద్ధతి. చచ్చిన నాచుకూ పటిక పని చేస్తుంది. పంపు ఆపి రాత్రంతా కదపకుండా ఉంచితే ఉదయానికి మడ్డి అడుగున పేరుకుంటుంది. దాన్ని ఫిల్టరులోకి పంపకుండా నేరుగా బయటికి పీల్చేయాలి. నాచు బతికి ఉండగా పటిక వేసి ప్రయోజనం లేదు. అది అడుగుకు దిగుతుందేమో గానీ చావదు.

రాత్రి లెక్క

నీళ్ళు మెరుస్తున్నాయని క్లోరిన్ పోయడం ఆపేస్తే మళ్ళీ పచ్చబడతాయి. చూడవలసింది రాత్రి లెక్క. పొద్దు గుంకాక క్లోరిన్ కొలిచి రాసుకోండి. పొద్దు పొడవకముందే మళ్ళీ కొలవండి. రాత్రి ఎండ లేదు. తగ్గిందంటే దాన్ని ఏదో ప్రాణి, లేదా దాని శవం తిన్నట్టే. తగ్గుదల 1 పీపీఎం లోపు ఉండి, నీళ్ళు కూడా తేటగా ఉంటే పని పూర్తయింది. అంతకంటే ఎక్కువ తగ్గితే ఇంకా ఎక్కడో పాచి బతికే ఉంది. మళ్ళీ నిచ్చెన వెనుక, లైటు గూటిలో వెతకాలి.

పసుపు రంగు ఇచ్చే ఆర్థోటోలిడిన్ చుక్కల కిట్‌కు పరిమితి ఉంది. 5 పీపీఎం దాటితే రంగు నారింజ, గోధుమ అయిపోయి అంకె తెలియదు. ఒక వంతు కొలను నీళ్ళకు నాలుగు వంతుల బ్యాటరీ నీళ్ళు, అంటే స్వేదనజలం, కలిపి కొలిచి, వచ్చిన అంకెను 5తో హెచ్చించుకోవచ్చు. గులాబీ రంగు వచ్చే కిట్‌ది ఇంకో తమాషా. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగే వెలిసిపోయి నీళ్ళు తెల్లగా కనిపిస్తాయి. క్లోరిన్ అసలు లేదనుకుని ఇంకా పోసేస్తారు. పరీక్ష చేసిన నీళ్ళను మళ్ళీ కొలనులో కలపకూడదు.

వానాకాలం ముందు

తేటపడ్డాక రోజువారీ క్లోరిన్‌కు బిళ్ళల కంటే ద్రవ క్లోరిన్ మేలు. స్టెబిలైజర్ 30, 40 దగ్గర నిలుస్తుంది. సాయంత్రం పోస్తే రాత్రంతా ఎండ బాధ లేకుండా పని చేస్తుంది. బిళ్ళలను ఊరెళ్ళే రోజులకు దాచుకోండి.

నెల్లూరు తీరానికి వానలు ఎక్కువగా వచ్చేది అక్టోబరు తర్వాతే, తుపానులూ అప్పుడే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను ఈ ప్రాంతంలో కుండపోత వాన కురిపించింది. అలాంటప్పుడు కరెంటు పోతుంది, పంపు ఆగుతుంది. వాన నీళ్ళు దుమ్మునూ, నైట్రేట్లనూ తెస్తాయి. నిండి పొర్లిన నీళ్ళతో స్టెబిలైజర్ కొట్టుకుపోతుంది. తుపాను హెచ్చరిక రాగానే క్లోరిన్‌ను మామూలు కంటే రెట్టింపు చేసి ఉంచండి. మబ్బు పట్టి ఉన్నన్నాళ్ళూ అది నిలుస్తుంది. కరెంటు లేకపోయినా పొడుగు కర్ర బ్రష్‌తో రోజుకోసారి గోడలు రుద్ది, కొలత చూసి, తగ్గినంత ద్రవ క్లోరిన్‌ను బకెట్ నీళ్ళలో కలిపి చుట్టూ పోయవచ్చు. వాన వెలిశాక మొదట కొలవవలసింది స్టెబిలైజర్. అది 20కి పడిపోయి ఉంటే, మళ్ళీ ఎండ కాసేలోగా 30కి తెచ్చుకోవాలి. ఈ 45,000 లీటర్ల కొలనుకు అందుకు 450 గ్రాములు చాలు. పొడిని పాత మేజోడులో మూటకట్టి, నీళ్ళు తిరిగి వచ్చే గొట్టం ముందు వేలాడదీస్తే ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది.